అత్తయ్య నొక్కిన "నో"

తిరువూరు, ఆదివారం రాత్రి, 2005

కంప్యూటర్ తెరిస్తే చాలు, ప్రకటనలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. పొద్దున్నంతా కూర్చుని వాటిని తెస్తున్న ప్రోగ్రాములన్నీ తీసేశాను. అందులో పేకాట ఆడుకుంటూ, తెర మీద అడిగినదానికల్లా "యెస్" నొక్కింది అత్తయ్యేనట.

"వచ్చి అడిగితే కాదంటామా? ఏం మర్యాదమ్మా?" అన్నారు.

"ఇకనుంచి ఏదడిగినా 'నో' నొక్కండత్తయ్యా" అని నేర్పాను.

సాయంత్రం పాలు పొంగుతున్నాయని నేను లేచి వెళ్లాను. పేకాట కోసం ఆవిడ నా థీసిస్ మూయబోతే, సేవ్ చేయాలా అని కంప్యూటర్ అడిగిందట. "నో" నొక్కేశారు. మధ్యాహ్నమంతా రాసింది పోయింది.

"నువ్వే కదమ్మా కాదనమన్నావ్!" అని బిక్కమొహం వేశారు.

ఎవరికీ కాదనని మనిషికి ఇదెందుకు నేర్పానా అనుకున్నాను. భోజనాలయ్యాక మామయ్య మళ్లీ కాఫీ అడిగారు.

"నో" అన్నారు అత్తయ్య, కుర్చీలోంచి కదలకుండా.

పోయిన పేజీలు... రేపు మళ్లీ రాసుకుంటాను.