తీర్పు విన్న కొడుకు

శుక్రవారం, రాత్రి.

పిల్లలు సరిగా చూసుకోకపోతే, తల్లిదండ్రులు వాళ్లకు రాసిచ్చిన ఇంటిని వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పిందట. మధ్యాహ్నం టీవీలో విన్నాను. శేఖర్ కూడా అంగడిలో వినే ఉంటాడు. ఈ ఇల్లు వాడికి రాసిచ్చినప్పటి నుంచి నా గదిలోకి తొంగిచూడని కొడుకు, సాయంత్రం తైలం సీసాతో వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

“యాడ నొప్పి మా?”

“ఏందిరా, ఈ రోజు కొత్తగా?”

“ఏం లేదు మా. కాలు చాపు.”

తీర్పు మాట వాడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మోకాలికి తైలం రాస్తున్నంతసేపూ వాడి ముఖమే చూశాను. వాడు తల పైకెత్తలేదు. నొప్పి మాత్రం నిజంగానే తగ్గింది.

ఇది ప్రేమా, భయమా అని అడగాలనిపించింది. అడిగితే రేపు రాడేమోనని ఊరుకున్నాను.