సీడీ మీద అమ్మ పేరు

కొత్తకోట, 1999 జూలై, ఆదివారం

అమ్మ పాటలు పోయాయి. పోగొట్టింది నేనే.

బతికున్నప్పుడు ఆమె పాడిన క్యాసెట్ అరిగిపోతోందని అన్న హైదరాబాదులో సీడీ చేయించి తెచ్చాడు. క్యాసెట్‌ను అక్కడే పారేశాడట. "పేరు చెక్కుర, లేకుంటే ఎవలన్న మార్చుకుంటరు" అని నా చేతిలో పెట్టాడు. స్టీలు సామాన్ల దుకాణంలో పదిహేనేళ్లుగా నా పని అదే. చెంబు మీద కొట్టినట్టే మెషిన్ పెట్టి, మెరిసే వైపు తాకకుండా, పై వైపు 'లక్ష్మమ్మ' అని చెక్కాను.

ప్లేయర్‌లో గిర్రున తిరిగింది గానీ ఒక్క పాటా రాలేదు. సీడీల షాపతనికి చూపిస్తే తల పట్టుకున్నాడు.

"పాటలు కింద కాదన్నా, గీ పై పూతలనే ఉంటయ్. గీత పడితే ఖతం. స్కెచ్ పెన్నుతోని మెల్లగ రాయాలె. కాగితం అతికిస్తే గూడ ఊడి ప్లేయర్ల ఇరుక్కుంటది."

అన్నకు చెబితే, "నీకు గా గిన్నెలు తప్ప ఏం ఎర్కర?" అన్నాడు. చెక్కమన్నది తనే. కానీ చెక్కిన చెయ్యి నాదే కదా...

ఇందాక సీడీని బల్బుకు ఎదురుగా పట్టుకున్నాను. పూత లేచిన గీతల్లోంచి వెలుతురు వస్తోంది. అమ్మ పేరు ఇంత అందంగా నేనెప్పుడూ చెక్కలేదు.