గృహస్థు అన్న మాట

మౌలాలి, సికింద్రాబాదు
14-9-1983

చిరంజీవి సౌభాగ్యవతి సలోమిని నాన్న మనసారా దీవించి వ్రాయునది.

దైవకృపవల్ల ఇక్కడ మేమిద్దరమూ క్షేమం. మీ అమ్మ మోకాళ్లు గుట్టవైపు చూస్తేనే మూలుగుతున్నాయి గాని, రైల్వే కాలనీలో ప్రార్థన కూడిక అంటే మాత్రం నాకన్న ముందే నడుస్తున్నాయి. అల్లుడు జీవరాజు కాలికట్టు ఇంకా మూడు వారాలు ఉంచాలని డాక్టరుగారు చెప్పినట్లు వ్రాశావు. బావిమెట్ల మీద జారినవాడు నడుము విరగకుండా బయటపడ్డాడు, అదే పదివేలు. అతనికి పాలు తగ్గించవద్దని అమ్మ మరీ మరీ వ్రాయమన్నది.

నీ ఉత్తరం అందిన ఎనిమిదో రోజున జవాబు వ్రాస్తున్నాను. ఆలస్యానికి కారణం ఉన్నది. దానికి వస్తాను, ముందు నీ ప్రశ్న.

"నాన్నగారూ, మన చేను, మన వేరుసెనగ, మన తుపాకి. పొద్దుగుంకే వేళ అడవిపందుల మంద చేలో పడితే గాలిలోకి ఒక్కసారి పేల్చాను. ఎవరికీ గోరంత గాయం కాలేదు. తుపాకి పట్టుకుపోయి కేసంటున్నారు. ఇందులో నేరమేమిటి?" అని అడిగావు.

ఆ ప్రశ్న పట్టుకొని రెజిమెంటల్ బజారులో సదాశివగారింటికి వెళ్లాను. ఆయన కలెక్టరాఫీసులో తుపాకి లైసెన్సుల సెక్షనులో ముప్పై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. నా మాట పూర్తిగా విని, చాయ్ ముందుకు జరిపి అన్నారు:

"మాస్టర్ సాబ్, చేను ఎవలదని కానూను అడగదు. తుపాకి పట్టిన చెయ్యి ఎవలదని అడుగుతది. లైసెన్స్ మనిషికిస్తరు. ఇంటికి గాదు, పొలానికి సుత గాదు."

"కట్టుకున్న భార్యకైనా?"

"భార్య గానీ, బామ్మర్ది గానీ. కాయితంల పేరు లేనోళ్లు పేల్చొద్దు. మీ బిడ్డ గాలిల పేల్చింది, మంచిగైంది. పంది పడితే ఫారెస్టోళ్లు సుత వస్తుండె. సొంత చేన్ల దూరినా సరే, వాళ్ల పర్మిషన్ లేకుంట అడివి జంతువును చంపొద్దు. అప్పుడు ఒకటి గాదు, రెండు కేసులైతుండె."

అప్పుడు నేను జేబులోనుంచి ఒక కాగితం తీశాను. నీకు గుర్తుండే ఉంటుంది. నాలుగేళ్ల క్రితం పంట కాపలాకని లైసెన్సు వచ్చినప్పుడు, అందులోని షరతులన్నీ ఇంగ్లీషులో ఉన్నాయని, "మామయ్యగారూ, కాస్త తెలుగు చేసిపెట్టండి" అని అల్లుడు అడిగాడు. నేను వ్రాసి పంపినదాన్ని మీరు బీరువా తలుపుకు లోపలివైపు అంటించుకున్నారు. దాని నకలు నా దగ్గర ఉన్నది. చదవమన్నారు సదాశివగారు. చదివాను.

"ఈ ఆయుధమును గృహస్థు స్వయముగా, తన క్షేత్రమునందు, పైరునకు కీడొనర్చు మృగములను పారద్రోలుటకై మాత్రమే ప్రయోగింపవలెను."

"ఏందీ, గృహస్థా?" ఆయన కళ్లజోడు తీసేశారు. "గాడ లైసెన్సీ అని ఉంటది సాబ్. లైసెన్సుదారుడు. ముప్పై ఏండ్లు గదే రాసిన నేను. మీరెందుకు గట్ల రాయకపోతిరి?"

ఏమి చెప్పను తల్లీ? సగం ఇంగ్లీషు, సగం ఉర్దూ, తోక మాత్రం తెలుగు. ముప్పై నాలుగేళ్లు ఛందస్సు చెప్పిన నా చెవికి ఆ మాట మూడు ఊళ్ల ఎడ్లను ఒకే కాడికి పూన్చినట్లు వినిపించింది. వ్రాయడానికి కలం ఒప్పుకోలేదు. 'గృహస్థు' అన్నప్పుడు వాక్యం నిండుగా నిలిచింది. దాన్ని రెండుసార్లు పైకి చదువుకొని సంతోషించాను కూడా.

ఆ మాటకు నీవు చెప్పుకున్న అర్థం నేను నేర్పినదే. నీ పెండ్లినాడు చర్చిలో పెద్దలు నన్ను నాలుగు మాటలు చెప్పమంటే, "గృహస్థు అన్నది ఏకవచనమే గాని, అందులో ఇద్దరుంటారు. ఒకరు మంచాన పడినప్పుడు రెండోవారు ఆ మాటను మోయాలి" అన్నాను. అదే నీవు వ్రాశావు: "కాగితం మీద గృహస్థు అని ఉంది. ఆయన మంచాన ఉన్నారు. కనుక నేనే అనుకున్నాను." నీ అర్థంలో తప్పు పట్టడానికి నా దగ్గర ఏ వ్యాకరణమూ లేదు. తప్పు నా మాటది.

ఇది విని మీ అమ్మ, "మీ గ్రాంథికం ఇన్నాళ్లూ నా కూరలే మాడ్చింది. ఇప్పుడు పిల్ల చేనుదాకా పోయిందన్నమాట" అన్నది. ఆ తరువాత కొంగుతో కళ్లు తుడుచుకున్నది.

ఇక నీ రెండో ప్రశ్న. మీ పక్కచేను అమ్మిరాజు, "జీవరాజే పేల్చాడని చెప్పి సంతకం పెట్టెయ్యమ్మా, లైసెన్సు అతనిదే కాబట్టి గొడవుండదు" అన్నాడనీ, పంతొమ్మిదో తేదీ సోమవారం స్టేషనులో వాంగ్మూలం ఇవ్వాలనీ, సంతకం పెట్టమంటారా వద్దా అనీ అడిగావు.

ఆలస్యానికి కారణం ఇక్కడ ఉన్నది, తల్లీ. పెట్టమని ఒక ఉత్తరం వ్రాశాను.

భర్తను కాపాడుకొనే అబద్ధం అబద్ధం కాదని వ్రాశాను. ఆపద్ధర్మమంటూ పెద్దల మాటలు రెండు అతికించాను. వెదికేవాడి మనసు వంకరగా ఉంటే ఏ పుణ్యగ్రంథమైనా వాడికి సాయం వచ్చినట్లే కనిపిస్తుంది. ఆ కవరు తీసుకొని రాంగోపాల్‌పేట్ తపాలా డబ్బా దాకా వెళ్లి, సగం లోపలికి తోశాను కూడా. అక్కడ ఆగి, కవరు వెనక్కి లాగాను. నేను కాపాడుతున్నది అల్లుణ్ణి కాదని అప్పుడు తెలిసింది. జీవరాజు పేల్చాడంటే మీ బీరువా తలుపు ఎవరూ తెరవరు. ఆ కాగితం ఎవరూ చదవరు. తెలుగు పండితుడు దేవానందం పేరు చెక్కు చెదరదు. అరవై ఎనిమిదేళ్ల తండ్రి తన పాండిత్యం దాచుకోవడానికి కన్నబిడ్డ చేత అబద్ధం సంతకం చేయించబోయాడు. నన్ను క్షమించు.

సంతకం పెట్టవద్దు. జరిగినది జరిగినట్లు చెప్పు. కట్టులో కాలున్నవాడు చేలో నిలబడి తుపాకి పేల్చాడంటే డాక్టరుగారి చీటీయే నవ్వుతుందని సదాశివగారు కూడా అన్నారు. నిజం చెబితే ఏమవుతుందని అడిగాను. "లైసెన్సు పోతే పోవచ్చు, జుర్మానా పడితే పడొచ్చు. పక్కాగ చెప్పలేను సాబ్. అంతా ఆఫీసర్ చేతిల ఉంటది" అన్నారు. నీకు అంతకన్న తియ్యగా చెప్పి మభ్యపెట్టలేను.

ఆదివారం రైలెక్కి సోమవారం ఉదయానికి వస్తాను. బీరువా తలుపు మీది కాగితం చిరగకుండా ఊడదీసి ఉంచు. ఆ వ్రాత నాదని, ఆ మాట నాదని అధికారి ఎదుట చెబుతాను. "తెలవదంటె కానూను వినదు" అని సదాశివగారు హెచ్చరించారు. వినకపోవచ్చు. అయినా నీ తప్పు వ్రాసే కాగితంలో నా తప్పు కూడా ఉండాలి.

అంతవరకు పందులు వస్తే కిరసనాయిలు డబ్బాలు మోగించండి. వాటికి లైసెన్సు అక్కరలేదు.

తుపాకి తిరిగి వచ్చినా రాకపోయినా, పాత కాగితం ఉన్నచోట అంటించడానికి కొత్తది దీనితో జతచేశాను. "ఈ తుపాకిని లైసెన్సుదారుడు జీవరాజు ఒక్కడే పేల్చాలి. సలోమి పేల్చకూడదు. పందిని చంపాలంటే ముందు అటవీశాఖవారిని అడగాలి." మూడు ఊళ్ల ఎడ్లే, కాని కాడి కదిలింది. మీ అమ్మ దాన్ని చదివి, "పెళ్లయిన నలభై రెండేళ్లకు మీ తెలుగు నాకు మొదటిసారి అర్థమైంది" అన్నది.

ఇట్లు,
నీ సంతకం కింద తన సంతకమూ పెట్టడానికి వస్తున్న
నాన్న