రొయ్యల గుంటల మలుపులో నీ బండి

అన్నా,

ఈరోజు నీ సంవత్సరీకం. అమ్మ ఆకులో అన్నం పెట్టి కాకి కోసం చూస్తా ఉంటే, నేను నీ బండి తీసినాను.

"రొయ్యల గుంటల మలుపులో యాక్సిలరేటర్ చచ్చిపోతా ఉందిరా" అని నువ్వు చెప్పినప్పుడు నేనేమన్నాను? "తాగి నడిపితే ఏ బండైనా చస్తాది, పో." నువ్వు తాగవని తెలిసే అన్నాను, నా మెకానిక్ షెడ్డులో నలుగురి ముందర. వారానికే ఆ మలుపులో బండి ఆగిపోయి, వెనకొచ్చే లారీ నిన్ను గుద్దింది. షోరూమోడు స్కానర్ పెట్టి, "బండిలో ఏం లేదు, మీ అన్నదే తప్పు" అన్నాడు. వాడి చొక్కా పట్టుకున్నాను. ఆ మాట ముందు అన్నోణ్ణి నేనే.

ఈ బండి యాక్సిలరేటర్‌కి కేబుల్ లేదు, అంతా సెన్సార్లూ వైర్లే. ఏడాదిగా ఒక్కొక్కటీ మార్చినాను. సెన్సార్ కొత్తది, వైరింగ్ కొత్తది, ఇంజన్‌కి గాలి వదిలే థ్రాటిల్ బాడీ కూడా కొత్తదే. ముత్తుకూరంతా తిప్పినా బాగానే ఉన్నింది. ఇందాక ఆ మలుపులో మాత్రం చచ్చింది. ఎంత తిప్పినా ఇంజన్ గొణుగుతా ఉంది, అంతే. వెనక లారీ హారన్ దగ్గరకొస్తా ఉంది.

రోడ్డు పక్కకు దిగొచ్చు. దిగలేదు.

"నువ్వు తాగలేదన్నా! నేనే అబద్ధం చెప్పినాను!" అని అరిచినాను.

బండి ఒక్కసారిగా ముందుకు దూకింది. నేను యాక్సిలరేటర్ అప్పటికే వదిలేసినాను.