నర్సింగం పంపిన దిండు

భివండి, 2006 ఆగస్టు

చెల్లెలు రాధాబాయికి, ఇక్కడ నేను కులాసా.

సముద్రపు ఇసుకలో వెంట్రుకకన్నా సన్నని ప్లాస్టిక్ పోగులున్నాయని పత్రికలో చదివాను. అవి మన సాంచాలవే, ఈ మరమగ్గాలవేనేమో అనిపించింది. కామత్‌ఘర్ మురుగు మోరీ నీళ్ళను భూతద్దం కింద పెడితే నీలం పోగులు కనిపించాయి. సాంచాల సేటు, నా బావమరిది నర్సింగానికి చూపించాను.

"పత్తే బావా, నీళ్ళల్ల కరిగిపోతది. సదివి సదివి నీ కండ్లు పోయినయ్," అన్నాడు.

అతడి సాంచా కింది నూగుకు అగ్గిపుల్ల అంటించాను. పత్తిలా బూడిద కాలేదు, ప్లాస్టిక్‌లా ముడుచుకుని నల్లటి గట్టి ఉండ అయింది.

"ముప్పై ఏండ్ల సంది సాంచాలు నడిపిస్తున్న నాకే పాఠమా?"

"పాఠం కాదురా, పరీక్ష. తప్పినవ్."

నీ మనుమడి తొట్టెలోకి దూది దిండు అని అతడు పంపినదాంట్లో ఆ నూగే ఉంటుందని నా అనుమానం. చిటికెడు తీసి కాల్చి చూడు. ఉండ కడితే పసివాడి తల కింద నుంచి వెంటనే తీసెయ్. వాగులో మాత్రం పారెయ్యకు, ఆ నీళ్ళే మీరు తాగుతారు.

కోడలి పథ్యం అయిందా? పిల్లవాడికి పేరేం పెట్టారు? వాడికి నా దీవెనలు. దసరాకు నర్సింగం అక్కడికి వస్తున్నాడు. ఆ దిండు అతడికే వేసి, ఎట్లా నిద్రపట్టిందో అడిగి నాకు రాయి.

మీ అన్న
విఠోబా