పది రోజుల బిళ్ళ

చిన్నమ్మాయికి అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ మీ వదినా కులాసాగానే ఉన్నాం. నేను చెబుతుంటే తను రాస్తోంది. ఒక్క మాట మింగినా ఊరుకోనని ముందే చెప్పాను.

మోకాలు ఎలా ఉందన్నావు. నెమ్మదించింది. బీపీ మాత్ర మానలేదు, మానను. పాపను వచ్చే నెల నుంచి నా దగ్గర వదిలి పనిలో చేరతానన్నావు. దానికి జవాబు చెప్పేముందు నువ్వొక సంగతి వినాలి.

మీ నాన్న పోయినప్పుడు కంటికి కునుకు లేదని డాక్టరమ్మ నిద్రబిళ్ళ రాసింది కదా. పది రోజులకే రాసింది. అవి అయిపోయాక ఖాళీ అట్ట పట్టుకెళ్ళి మందుల కొట్టులో చూపించాను.

“ఇదేనా పెద్దమ్మా?”

“అదే నాయనా.”

ఇచ్చేశాడు. అలా రెండేళ్ళు గడిచాయి. ఒకటి చాలక రెండు మింగాను. డాక్టరమ్మకు మోకాలు చూపించి వచ్చేదాన్నే గానీ, చెబితే ఆపేస్తుందని బిళ్ళ ఊసెత్తలేదు. చదువు రాక కాదమ్మా, తెలిసే చేశాను.

పోయిన వారం పక్కింటి దర్జీ కోడలు, మధ్యాహ్నం పూట, తన చంటిపిల్లను నా దగ్గర కూర్చోబెట్టి వెళ్ళింది. మీ వదిన మేడ మీద బట్టలు ఆరేసి వచ్చేసరికి పిల్ల మెట్ల అంచున ఉందట. నేను గోడకు చేరగిలబడి గుర్రు పెడుతున్నానట. తను పెట్టిన కేకకు కూడా లేవలేదట. పిల్లకేమీ కాలేదు.

“అత్తయ్యా, ఇది కూడా రాయాలా?” అంటోంది మీ వదిన.

“రాయవే! నిన్ను కూర్చోబెట్టింది నా గొప్పలు రాయడానికా?”

మర్నాడే డాక్టరమ్మ దగ్గర అంతా కక్కేశాను. ఒక్కసారిగా మానకూడదట. కొద్దికొద్దిగా తగ్గించాలి, నెలలు పడుతుంది అంది. “రెండేళ్ళు మింగినదాన్ని, ఆ మాత్రం ఓపిక పట్టలేనా?” అన్నాను. బిళ్ళలిప్పుడు మీ వదిన బీరువాలో ఉన్నాయి, తాళం తన దగ్గరే. కొట్టువాణ్ణీ వదల్లేదు. “ముసలిదాన్ని, అడుగుతాను. చీటీ లేనిదే ఇవ్వకపోవడం నీ పని కాదట్రా?” అని నలుగురిలో దులిపేశాను.

పాపను ఇప్పుడే తీసుకురాకు. ఈ మాట అనడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. డాక్టరమ్మ ఇక చాలన్నాక కబురు చేస్తాను. అప్పుడొచ్చి వారం రోజులుండు. మధ్యాహ్నాలు పక్క గదిలోంచి నన్ను కనిపెట్టి చూడు. నమ్మకం కుదిరితే వదులు. కుదరకపోతే చంకనేసుకుని తీసుకుపో. ఎందుకని అడగను.

ఇట్లు,
కింద వేలిముద్ర వేసిన
మీ అమ్మ