మబ్బు పైన మెరుపు, మబ్బు కింద అక్క

చిరంజీవి తమ్ముడిని అక్క దీవించి రాయునది.
కులాసా అని రాయాలి గానీ, కులాసాగా లేను. నువ్వు మెరుపుల ఫొటోల కోసం మేడ ఎక్కుతున్నావని మరదలు రాసింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, నీ సరదా వచ్చి నా గుండె మీద పడింది. బట్టలు కుట్టుకునేవాడికి మెరుపులతో ఏం పని? దిగిపో.
ఇట్లు, నిద్రలేని నీ అక్క.
తా.క. కెమెరాకు గొడుగు పట్టకు. గొడుగులో ఇనప కమ్మి ఉంటుంది.

అక్కకు తమ్ముడి నమస్కారాలు.
నేను తీసేది కింద పడే పిడుగు కాదు. పెద్ద ఉరుముల మబ్బుకు పైన, ఎర్రదారాల కుచ్చులా రెప్పపాటు వెలిగే మెరుపు. మబ్బు కింద ఉన్నవాళ్లకు కనబడదు. ఎంతో దూరాన, తేట ఆకాశం కింద ఉన్న నాకే కనబడాలి. మా మేడకు మీ ఊరి వైపే అడ్డం లేదు. రెండేళ్లుగా ఒక్కటీ దొరకలేదు, ఈ ఏడు వదలను. అక్కడ ఉరుములు మొదలయ్యాయా? ఫోనులో నీకు వినపడదు, రాసి పంపు.
నీ తమ్ముడు.

చిరంజీవి తమ్ముడికి,
దూరమైనా దగ్గరైనా మెరుపు మెరుపే. ఇక్కడ చినుకు లేదు, మబ్బు లేదు. ఆకాశం తోమిన పళ్లెంలా ఉంది. కెమెరా పెట్టెలో పెట్టెయ్.
నీ మేలు కోరే అక్క.
తా.క. ఉత్తరం తడిసి అక్షరాలు అలుక్కుపోతే, అది చెమట.

అక్కకు,
ఆకాశం అంచున ఏదో మిణుకుమంటే మీ వైపు మబ్బనుకున్నాను. నువ్వు లేదన్నాక కెమెరా దించేశాను. ఇక ఇంట్లో కూర్చుంటే లాభం లేదు. వచ్చే నెల కొండ మీదే మకాం. గుడారం కుట్టేశాను.
నీ తమ్ముడు.
తా.క. గుడారానికి ఇనప కర్రలే దొరికాయి.

ఒరే తమ్ముడూ,
కొండెక్కితే నా మీద ఒట్టు. నేను రాసింది అబద్ధం. ఇక్కడ పొద్దు వాలితే చాలు, ఆకాశం బద్దలవుతోంది. నీ మేడ మీదే ఉండి, ఇటు తిప్పి తీసుకో.
దడతో, అక్క.
తా.క. నాకేం భయం లేదు. మంచం కిందే ఉంటున్నాను.

అక్కకు,
దొరికింది. ఫొటో పంపుతున్నాను. కానీ అది చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఆ మెరుపు కింద అంత మబ్బు, ఆ మబ్బు కింద నువ్వు. వెంటనే బయల్దేరి వచ్చెయ్.
బెంగతో, తమ్ముడు.
తా.క. బస్సులో కిటికీ పక్కన కూర్చోకు. చువ్వలుంటాయి.

చిరంజీవి తమ్ముడికి,
ఫొటో గోడకు తగిలించాను. నేను రాను. వచ్చేస్తే ఇక్కడ ఉరుముతోందని నీకెవరు రాస్తారు? దక్షిణాన నల్లగా కమ్ముకొస్తోంది, కెమెరా సిద్ధం చేసుకో.
మబ్బు కింది నుంచి, నీ అక్క.
తా.క. ఇంతేనా అంది పక్కింటావిడ. ఈసారి పెద్దది తీసి ఆవిడ నోరు మూయించు.